కేసు ఎత్తేశారు సరే, ఆ రోజు సంగతేంటి?

కోర్టు చుట్టూ తిరిగేవాళ్ళ నోట మూడు మాటలు తరచూ వినిపిస్తాయి. కేసు "కొట్టేశారు", కేసు "రాజీ అయింది", కేసు "ఎత్తేశారు". వినడానికి మూడూ ఒకటేలా ఉంటాయి గానీ మూడూ వేరు. కొట్టేశారంటే జడ్జి విని, సాక్ష్యం చాలదనో నేరం జరగలేదనో తేల్చారని. రాజీ అంటే రెండు పక్షాలూ కూర్చుని ఒప్పుకున్నాయని. ఎత్తేశారంటే మాత్రం కేసు పెట్టిన ప్రభుత్వమే ఇక మాకొద్దంటూ వెనక్కి తీసుకుందని. ఈ మూడోదాంట్లో ఏం జరిగిందో ఎవరూ తేల్చరు. మా భాషలో చెప్పాలంటే టికెట్ క్లోజ్ అయింది, రూట్ కాజ్ కాలమ్ మాత్రం ఖాళీగా ఉంది.

కోనసీమలో 2022 మే 24 గురించి ఎవరిని కదిపినా "అవన్నీ అయిపోయాయి కదండీ, కేసులు కూడా ఎత్తేశారు" అంటారు. ఈ వారం దాని గురించే.

మీలో కొందరు అప్పటికి ఇంటర్‌లో ఉండి ఉంటారు కాబట్టి సంగతి క్లుప్తంగా చెప్తాను. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా అయింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు పెడుతూ ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. మే 24న అమలాపురంలో పేరు వద్దంటూ జరిగిన నిరసన చేయి దాటిపోయింది. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. బస్సులు కాల్చారు. పోలీసులకీ దెబ్బలు తగిలాయి. తర్వాత పేరు ఖరారైంది. వందలమంది కుర్రాళ్ళ మీద కేసులు పడ్డాయి.

నెట్ కూడా ఆపేశారు. చాలా మండలాల్లో వారానికి పైనే లేదు. మేమంతా వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్న రోజులు. ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని ఎదుర్లంక వైపు గోదారి గట్టుకి పోయి, అవతలి ఒడ్డున ఉన్న యానాం సిగ్నల్ పట్టుకుని స్టాండప్ కాల్స్ మాట్లాడాం. "బ్యాక్‌గ్రౌండ్ భలే ఉంది, వెకేషనా?" అని పుణె నుంచి ఒకాయన అడిగాడు. ఏం చెప్తాం! (నెట్ ఆపే ఆర్డర్లను జనానికి తెలిసేలా ప్రకటించాలనీ, కాలపరిమితి లేకుండా ఆపడం కుదరదనీ సుప్రీంకోర్టు 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో చెప్పింది. అది ఇంకో వారం రాయాల్సినంత పెద్ద కథ.)

ఇక కేసుల దగ్గరికొద్దాం. 2023 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి కోనసీమకు చెందిన వేర్వేరు సామాజికవర్గాల పెద్దల్ని తాడేపల్లి పిలిపించి మాట్లాడారు. కేసులు ఉపసంహరిస్తామని ప్రకటించారు. అందరూ కలిసి ఉండాలనేది ఉద్దేశం. నేను దాన్ని తప్పుపట్టను. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు గుంపులో నడిచినంత మాత్రాన వాడి బతుకంతా వాయిదాల చుట్టూ తిరగాలని ఎవరూ కోరుకోరు.

కానీ ప్రకటనతో కేసు పోదు. ఇది చాలామందికి తెలీదు. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 321 ప్రకారం ప్రభుత్వం అనుకుంటే చాలదు. ఆ కేసు చూస్తున్న పబ్లిక్ ప్రాసిక్యూటర్ తన బుర్రతో ఆలోచించి కోర్టులో పిటిషన్ వెయ్యాలి, కోర్టు ఒప్పుకోవాలి. 2021 జూలైలో కేరళ అసెంబ్లీ గొడవ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. ఎమ్మెల్యేలు సభలో కుర్చీలూ కంప్యూటర్లూ విరగ్గొట్టిన కేసు అది. ఎత్తేస్తామని ప్రభుత్వం అంటే కోర్టు ఒప్పుకోలేదు. ఛార్జీలు ఖరారు కాకముందు ఉపసంహరిస్తే నిందితుడు డిశ్చార్జ్ అయినట్టు, తర్వాతైతే నిర్దోషిగా విడుదలైనట్టు. రెండింటికీ కాగితం ఉంటుంది. ఆ కాగితమే అసలు సరుకు.

మా ఊరి కుర్రాడొకడున్నాడు. పేరెందుకు లెండి. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఆఫర్ వచ్చింది. జాయినింగ్ ఫారంలో ఒక గడి ఉంది: మీ మీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా? అవును, కాదు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, గవర్నమెంటే ఎత్తేసింది కదా, కాదు అని కొట్టేస్తాను."

"ఎత్తేసినట్టు కోర్టు ఆర్డర్ నీ దగ్గరుందా?"

"పేపర్లో వచ్చింది కదా!"

"పేపర్ కాదురా. కోర్టు కాగితం."

లేదు. ఏ కోర్టులో ఉంది, నెంబరెంత అనేవి కూడా వాడికి తెలీదు. అన్నీ ఊళ్ళో ఒకాయన "చూసుకుంటాను" అన్నాడట. అప్పుడు ఫోన్లో ఈ-కోర్ట్స్ యాప్ తెరిచి ఇద్దరం పేరుతో వెతికాం. నెంబరు దొరికింది. ఆ నెంబరుతో లాయరుగారి ద్వారా ఆర్డర్‌కి సర్టిఫైడ్ కాపీ పెట్టించాం. ఫారంలో "అవును" అని రాసి, కాపీ జతచేసి, కింద మూడు లైన్ల వివరణ ఇచ్చాడు. ఉద్యోగాల వెరిఫికేషన్‌లో ఇచ్చే సమాచారం నిజమై ఉండాలనీ, కేసు కన్నా దాచడమే ఒక్కోసారి మెడకి చుట్టుకుంటుందనీ 2016లో అవతార్ సింగ్ కేసు తీర్పు చదివితే అర్థమవుతుంది. అది సర్కారీ ఉద్యోగాల గురించి ఇచ్చిన తీర్పే, అయినా ప్రైవేటు హెచ్‌ఆర్‌ల దగ్గరా అబద్ధం కన్నా కాగితమే నయం. పాస్‌పోర్ట్‌కీ అంతే. కోర్టులో కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్ట్ చట్టం సెక్షన్ 6(2)(ఎఫ్) అడ్డొస్తుంది. కోర్టు అనుమతి తెచ్చుకుంటే పరిమిత కాలానికి ఇస్తారు. కేసు ముగిసినట్టు ఆర్డర్ ఉంటే ఆ ఇబ్బందే ఉండదు. ఆ రోజుల్లో మీ మీద గానీ మీ తమ్ముడి మీద గానీ కేసు ఉండి, "అయిపోయిందట" అనే మాట మీదే బండి నడుస్తుంటే, ఈ వారమే ఆ కాగితం సంగతి చూసుకోండి.

ఇంతవరకూ ఒక వైపు కథ.

ఊరికీ పేటకీ మధ్య మా దగ్గర ఒక పంటబోదె ఉంటుంది. దాటడానికి నాలుగు అడుగులు. అవతల ఒక పిన్నిగారు బట్టలు కుడతారు, మా ఇంట్లో బట్టలన్నీ అక్కడికే వెళ్తాయి. మాటల్లో మే 24 వచ్చింది. ఆ వారమంతా ఆవిడ కూతుర్ని అమలాపురం కాలేజీకి పంపలేదట. రాత్రిళ్ళు తలుపు గడియకి రోకలి ఆనించి పడుకున్నారట. "అంబేద్కర్ పేరు పెడతామంటేనే ఊరు తగలబెట్టారు, మేం ఎదురుగా కనపడితే ఏం చేస్తారో అనుకున్నాం బాబూ" అన్నారు. కాసేపాగి, మిషన్ ఆపకుండానే, "కేసులు తీసేశారట కదా. మంచిదే. మమ్మల్నెవరైనా అడిగారా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. చట్టం దగ్గర కూడా అప్పటికి లేదు. సెక్షన్ 321లో బాధితుల మాట వినాలని ఎక్కడా రాయలేదు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో మాత్రం సెక్షన్ 360 కింద ఒక వాక్యం చేర్చారు. బాధితులకు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా కోర్టు ఉపసంహరణకు ఒప్పుకోకూడదని. ఒక్క వాక్యమే, కానీ చాలా పెద్ద మార్పు. అప్పటికే నడుస్తున్న పాత కేసులకి పాత చట్టమే వర్తిస్తుంది, అది వేరే విషయం. ఇంకో చిక్కు కూడా ఉంది. చట్టం లెక్కలో బాధితులంటే నష్టమో గాయమో జరిగినవాళ్ళు. ఇల్లు కాలిన మంత్రిగారు బాధితుడు, తల పగిలిన కానిస్టేబుల్ బాధితుడు. రోకలి ఆనించి పడుకున్న పిన్నిగారు ఏ గడిలోకి వస్తారు?

మన దగ్గర అంతర్యుద్ధం అనే మాట ఎవరూ వాడరు. వాడితే అతిగా ఉంటుంది కూడా. కానీ యుద్ధాలు ముగిశాక దేశాలు తలలు బాదుకున్నది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే. అందర్నీ జైల్లో పెట్టలేం, అందర్నీ వదిలేస్తే దెబ్బతిన్నవాళ్ళకి ఏం చెప్తాం? దక్షిణాఫ్రికా 1995లో చట్టం చేసి సత్య, సయోధ్య కమిషన్ పెట్టింది. డెస్మండ్ టూటూ ఛైర్మన్. అక్కడా క్షమాభిక్ష ఉంది, కానీ ఉచితం కాదు. చేసింది మొత్తం బయటికి చెప్పాలి, అది రాజకీయ ఉద్దేశంతో చేసిందై ఉండాలి. ఏడు వేల పైచిలుకు దరఖాస్తులొస్తే క్షమాభిక్ష దక్కింది 849 మందికి. పోగొట్టుకున్నవాళ్ళు ఎదురుగా కూర్చుని విన్నారు. మా అబ్బాయిని ఎక్కడ పాతిపెట్టారని అడిగారు. కొందరికి జవాబు దొరికింది.

ఆ పద్ధతికీ లోపాలున్నాయి. క్షమాభిక్ష దక్కనివాళ్ళ మీద పెట్టాల్సిన కేసులు చాలావరకు పెట్టనే లేదని అక్కడి కుటుంబాలు ఇప్పటికీ కోర్టులకెక్కుతున్నాయి. అయినా తేడా గమనించండి. అక్కడ కనీసం "ముందు జరిగింది చెప్పు, తర్వాత వదిలేస్తాం" అన్నారు. మనం "వదిలేశాం, ఇక మాట్లాడకు" అన్నాం.

ఇదే మాట కొబ్బరి దింపు దగ్గర ఒక పెద్దాయనతో అంటే, "పుండు మానుతుంటే కెలకడమెందుకండీ" అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. అమలాపురంలో ఇప్పుడు అందరూ ఒకే టీ కొట్లో తాగుతున్నారు, ప్రభల తీర్థానికి ఒకే తోవన వెళ్తున్నారు. కానీ మానడానికీ పైన పక్కు కట్టడానికీ తేడా చెప్పాల్సింది పుండు ఉన్నవాళ్ళు కదా, పక్కన నిలబడి చూసేవాళ్ళు కాదు.

విచిత్రమేంటంటే, ఈ ప్రశ్నతో జీవితాంతం కుస్తీ పట్టిన లాయరు మన కోనసీమవాడే. బొజ్జా తారకం. 1939లో కాట్రేనికోన దగ్గర కందికుప్పలో పుట్టారు. నాన్నగారు అప్పలస్వామి కూడా ఎమ్మెల్యేగా చేసినవారు. తారకం నిజామాబాద్‌లో ప్రాక్టీసు చేశారు, ఎమర్జెన్సీలో జైలుకెళ్ళారు, తర్వాత హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరయ్యారు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపేస్తే ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి బయటికొచ్చేశారు. చీరాలలో తలదాచుకున్న బాధితుల పక్షాన నిలబడి, కత్తి పద్మారావు తదితరులతో కలిసి దళిత మహాసభ కట్టారు. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు ఎప్పుడొచ్చిందో తెలుసా? 2008 డిసెంబరులో. ఇరవైమూడేళ్ళు.

చుండూరు ఇంకా బరువైన కథ. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపారు. బతికినవాళ్ళు తమవాళ్ళని ఊరి నడుమనే పాతిపెట్టి ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళు అడిగినవాటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. మేం కోర్టుకి రావడం కాదు, కోర్టే మా ఊరికి రావాలన్నారు. ఆలోచించండి. కూలి మానుకుని, బస్సెక్కి, నిందితుల బంధువులు నిండిపోయిన కోర్టు వరండాలో రోజంతా నిలబడితే ఏ సాక్షికి నోరు పెగులుతుంది? చివరికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టు చుండూరులోనే పెట్టారు. నేరం జరిగిన ఊళ్ళోనే విచారణ. 2007 జూలై 31న తీర్పొచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. ఆ తీర్పు మీద అదే ఏడాది సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. తారకం 2016 సెప్టెంబరు 16న పోయారు.

గెలిచారా ఓడారా అంటే నేను ఒక్క మాటలో చెప్పలేను. కానీ 2007 తీర్పులో ఎవరు ఎక్కడ ఎలా చనిపోయారో సాక్షులు చెప్పిన మాటలు రికార్డయ్యాయి. పై కోర్టులో ఫలితం మారినా, ఆ సాక్ష్యం ఫైల్లోంచి పోదు. అమలాపురం విషయంలో మనకి లేనిది అదే. సీసీటీవీ ఫుటేజీ ఉంది, వాట్సాప్ వీడియోలున్నాయి, ఛార్జిషీట్లున్నాయి. మనుషుల మాట లేదు. పిన్నిగారి మాట ఏ ఫైల్లోనూ లేదు. గుంపుని ఎవరు నడిపించారో, వెనకాల ఎవరున్నారో చెప్పమని ఆ కుర్రాళ్ళనీ ఎవరూ అడగలేదు.

తారకం గురించి ఇంకో ముక్క. తెలుగు రాష్ట్రాల్లో యుద్ధం అనదగ్గది ఏదైనా ఉంటే అది నక్సలైట్లకీ పోలీసులకీ మధ్య నడిచిందే. ఎస్.ఆర్. శంకరన్ లాంటి పెద్దలు ఏళ్ళ తరబడి మధ్యవర్తిత్వం చేస్తే 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి, కొన్ని నెలల్లోనే చెడిపోయాయి. ఎన్‌కౌంటర్లో ఎవరైనా చనిపోతే పోలీసుల మీద ఎఫ్ఐఆర్ కట్టి దర్యాప్తు చెయ్యాలనీ, ఆత్మరక్షణ అని చెప్తే అది విచారణలో రుజువు చేసుకోవాలనీ 2009 ఫిబ్రవరిలో హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ తీర్పిచ్చింది. పిటిషనర్ల తరఫున వాదించినవాళ్ళలో తారకం ఒకరు. సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. తర్వాత 2014లో పీయూసీఎల్ కేసులో దేశమంతటికీ 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఇదే మనిషి, ఇవన్నీ చేస్తూనే, మామూలు జనం కోసం "పోలీసులు అరెస్టు చేస్తే" అని చిన్న పుస్తకం రాశారు. స్టేషన్‌కి తీసుకెళ్తే ఏమడగాలి, ఎవరికి చెప్పాలి, బెయిలంటే ఏంటి. 2022 మే చివర్లో, నెట్ లేక, పిల్లాడు ఏ స్టేషన్‌లో ఉన్నాడో తెలీక తిరిగిన తల్లిదండ్రుల చేతిలో ఆ పుస్తకం ఉంటే ఎంత బాగుండేదో. వాళ్ళు ఏ పక్షమైనా సరే.

ఫ్రీగా లాయర్ని ఇస్తారనే సంగతి కూడా ఆ రోజుల్లో ఎక్కువమందికి తెలీదు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987లో చేసినా అమల్లోకొచ్చింది 1995 నవంబరులో. సెక్షన్ 12 చదివితే మీకే ఆశ్చర్యమేస్తుంది. ఆడవాళ్ళు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్ళు ఎంత సంపాదించినా సరే ఉచిత సాయానికి అర్హులే. ఇంకా కులపరమైన అత్యాచారాలకి, జాతి హింసకి, వరదకి గురైనవాళ్ళు కూడా అదే జాబితాలో ఉన్నారు. అంటే గొడవలో అరెస్టయిన కుర్రాడికీ, ఆ గొడవకి భయపడ్డ పిన్నిగారికీ ఒకే ఆఫీసు దారి చూపించాలి. ఫోన్ నెంబరు 15100. సేవ్ చేసుకోండి, జొమాటో కన్నా తక్కువ అంకెలే.

లాయర్లు చాలరంటారా? సియెర్రా లియోన్ సంగతి వినండి. పదకొండేళ్ళ అంతర్యుద్ధం 2002లో ముగిసింది. దేశం మొత్తానికి లాయర్లు వంద మంది ఉంటే గొప్ప, వాళ్ళలోనూ ఎక్కువమంది రాజధాని ఫ్రీటౌన్‌లోనే. 2003లో టిమాప్ ఫర్ జస్టిస్ అనే సంస్థ ఊళ్ళలోని మామూలు మనుషులకి చట్టం ప్రాథమికాంశాలు నేర్పించి పారాలీగల్స్‌గా కూర్చోబెట్టింది. వాళ్ళు కోర్టులో వాదించరు. రాసిపెడతారు, వెంట వెళ్తారు, ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, కుదరకపోతే లాయరుకి అందిస్తారు. 2012లో అక్కడి లీగల్ ఎయిడ్ చట్టం ఈ పారాలీగల్స్‌ని గుర్తించింది.

మన దగ్గరా 2009 నుంచి ఇదే ఉంది, పారా లీగల్ వాలంటీర్ పేరుతో. టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, స్టూడెంట్లు ఎవరైనా చేరొచ్చు. లా డిగ్రీ అక్కర్లేదు. ట్రైనింగ్ ఇస్తారు, పనిచేసిన రోజులకి కొద్దిగా గౌరవ వేతనం ఇస్తారు. పోయిన నెల మా కుర్రాడి కాపీ కోసం అమలాపురం కోర్టుకి వెళ్ళినప్పుడు ఆవరణలో న్యాయ సేవా కమిటీ గది బయట ఒకావిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎవరో ముసలాయన చెప్తుంటే అర్జీ రాసిపెడుతున్నారు. పీఎల్‌వీ అట. ఆయన చెప్పింది రాసి, తిరిగి చదివి వినిపించారు. "అదికాదమ్మా, ఆ రోజు మంగళవారం" అన్నాడాయన. ఆవిడ కొట్టేసి, మంగళవారం అని రాసి, మళ్ళీ మొదట్నుంచీ చదివారు.

పిన్నిగారికి ఆ గది ఎక్కడుందో చెప్పాను. కూతుర్ని తీసుకుని వెళ్తానన్నారు. కేసు పెట్టడానికి కాదట. ఆ అమ్మాయి పీఎల్‌వీగా చేరొచ్చేమో కనుక్కోవడానికి.